మొదటి ఎయిర్ రైఫిల్: ఏం కొనాలి, ఇంట్లో 10 మీటర్ల లైను ఎట్లా వేసుకోవాలి

హనుమకొండ నుంచి అడిగినా, కరీంనగర్, మంచిర్యాల నుంచి అడిగినా ప్రశ్న ఒకటే: "షూటింగ్ మొదలుపెడదామనుకుంటున్నాం, ఏ గన్ను కొనాలి?" దాని వెంటే రెండోది వస్తుంది: "ఎక్కువ పవర్ ఉన్నది ఏది?" మొదటిదానికి జవాబు పొడుగ్గా కింద ఉంది. రెండోదానికి ఇక్కడే చెప్పేద్దాం. 10 మీటర్ల దూరంలో పవర్ వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఒలింపిక్స్‌లో వాడే ఎయిర్ రైఫిళ్ల శక్తి ఏడెనిమిది జౌళ్లే (జౌలు అంటే శక్తికి కొలమానం). 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల పోటీలో వాడేది ఆ తరగతి రైఫిలే.

విదేశీ వీడియోలు చూసి, పేలిన రైఫిల్ తూటాల ఖోకాల్లో (ఖాళీ గుల్లల్లో) మళ్లీ మందు నింపే సామాను ఇక్కడ దొరుకుతుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ పని ఇక్కడ ఇంట్లో చేసుకునేది కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. తూకాలు, కొలతలు, పరీక్షలు చేసే సరదా మీకుంటే ఎయిర్ రైఫిల్‌లోనే కావలసినంత పని ఉంది.

కొనే ముందు చట్టం సంగతి

2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం బోరు (లోపలి వ్యాసం) 0.177 అంగుళం (4.5 మి.మీ.), శక్తి 20 జౌళ్లు మించకపోతే ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఈ రెండింట్లో ఏది దాటినా లైసెన్సు కావాలి. అందుకే 0.22 బోరు గన్ను ఎంత చవగ్గా వచ్చినా వద్దనండి. స్ప్రింగ్ మార్పించి "పవర్ పెంచి ఇస్తాం" అనేవాళ్ల జోలికీ పోకండి. బిల్లు, మీ గుర్తింపు కార్డు జిరాక్సు గన్ను పెట్టెలోనే పెట్టుకోండి. బయటికి తీసుకెళ్లేటప్పుడు పెట్టెలో, ఖాళీగా, మూత వేసి తీసుకెళ్లాలి. కాజీపేట స్టేషన్‌లో భుజాన వేలాడేసుకొని తిరిగితే అది బొమ్మా, నిజమా అని ఎవరూ ఆగి చూడరు.

చేన్లో కోతుల్ని, పిట్టల్ని కొట్టడానికి గన్ను కావాలనుకుంటే ఈ వ్యాసం మీకు పనికిరాదు. అది జంతుహింస కింద నేరం, పైగా ఉపయోగం కూడా లేని పని. గాయపడ్డ కోతి ఎక్కడో చస్తుంది, మిగతా మంద రేపు మళ్లీ వస్తుంది.

ఏమేం కావాలి

- ఎయిర్ రైఫిల్, 4.5 మి.మీ.
- చదును తల ఉన్న సీసపు పెల్లెట్లు (గన్నులో వేసే చిన్న గుండ్లు), రెండు మూడు రకాలు
- పెల్లెట్ ట్రాప్, అంటే టార్గెట్ వెనక పెల్లెట్‌ని పట్టి ఉంచే పెట్టె
- 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ కార్డులు
- పాలికార్బొనేట్ కళ్లద్దాలు, గదిలో ఉండే ప్రతి మనిషికీ ఒక జత
- టార్గెట్ మీద పడే ఎల్‌ఈడీ లైటు
- టేపు, రసమట్టం, సన్న స్కేలు లేదా వెర్నియర్
- తాళం పడే బీరువా

ఇవి వద్దు: టెలిస్కోప్, లేజర్, రెండు కాళ్ల స్టాండు, స్టీలు గోళీలు. 10 మీటర్ల పోటీల్లో స్కోపుకి అనుమతి లేదు. పైగా 100 గజాలకి సర్దిన మామూలు స్కోపులో 10 మీటర్ల టార్గెట్ మసగ్గా కనిపిస్తుంది. స్ప్రింగ్ గన్ ముందుకీ వెనక్కీ రెండు దెబ్బలిస్తుంది, ఆ కుదుపుకి చవక స్కోపు లోపలి భాగాలు కొన్ని వారాల్లోనే వదులైపోతాయి. స్టీలు గోళీలు గొట్టం లోపలి గాడుల్ని గీస్తాయి, గట్టి దేనికి తగిలినా నేరుగా మీ మీదికే తిరిగొస్తాయి.

ఉన్న డబ్బుని ఒక రూపాయి అనుకుంటే అరవై పైసలు గన్నుకి, పదిహేను పైసలు పెల్లెట్లకి, పది పైసలు ట్రాప్‌కీ లైటుకీ, మిగిలింది అద్దాలకీ పెట్టెకీ తాళానికీ పెట్టండి. ఎక్కువమంది తొంభై పైసలు గన్నుకి పెట్టేసి, దుకాణంలో దొరికిన అధ్వాన్నపు పెల్లెట్లు వేసి, గన్ను బాగాలేదని అమ్మేస్తారు.

1. ఏ కన్ను, ఏ భుజం అన్నది తేల్చుకోండి

రెండు అరచేతులు చాచి మధ్యలో చిన్న సందు వదలండి. రెండు కళ్లూ తెరిచి, ఆ సందులోంచి దూరంగా ఉన్న గోడ గడియారాన్ని చూడండి. ఇప్పుడు ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం అక్కడే కనబడుతుందో అది మీ బలమైన కన్ను. కుడిచేతివాళ్లకి ఎడమ కన్ను బలంగా ఉండటం అరుదేమీ కాదు. అట్లాంటివాళ్లు ఎడమ భుజంతో నేర్చుకోవచ్చు, లేదా ఎడమ కన్నుకి ముందు చిన్న తెల్ల కార్డు అడ్డం పెట్టుకొని కుడి కన్నుతో కొట్టొచ్చు. ఎటైనా గన్ను కొనకముందే తేల్చుకోవాలి. కొన్ని రైఫిళ్ల చెక్క ఒక చేతివాటానికే చెక్కి ఉంటుంది.

2. రకం ఎంచుకోండి

మధ్యకు విరిచే స్ప్రింగ్ గన్: జాతరలో బుగ్గలు కొట్టే దుకాణాల్లో కనబడేది ఇదే. దేశంలో తయారైనవి కొన్ని వేల రూపాయల నుంచి దొరుకుతాయి. గాలి నింపే తలనొప్పి లేదు, రిపేరు సులువు. అయితే సరిగ్గా కొట్టడం దీంతోనే అన్నిటికన్నా కష్టం. ట్రిగ్గర్ నొక్కాక పెల్లెట్ గొట్టం దాటేలోపే లోపలి పిస్టన్ కదిలి గన్నుని కుదిపేస్తుంది. ఒకేలా పట్టుకోవడం రానంతవరకు పెల్లెట్లు చెదురుతూనే ఉంటాయి.

పక్కన లేదా కింద లీవరు ఉండే స్ప్రింగ్ గన్: గొట్టం కదలదు కాబట్టి నిలకడ కొంచెం ఎక్కువ. బరువు కూడా ఎక్కువే.

ఒక్క పంపుతో గాలి నింపుకొనే రైఫిల్: ప్రతిసారీ ఒక లీవరు లాగితే సరిపోతుంది, కుదుపు దాదాపు ఉండదు. పాత జర్మన్ మ్యాచ్ (పోటీల) రైఫిళ్లు ఈ రకంలో చాలా ఉన్నాయి. మంచిది సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఇంట్లో ప్రాక్టీసుకి ఇంతకన్నా సుఖమైంది లేదు.

సిలిండర్ గాలితో పనిచేసే రైఫిల్, అదే పీసీపీ: పెద్ద పోటీలకి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్షుట్జ్, స్టెయర్ లాంటి విదేశీ మ్యాచ్ రైఫిల్ కొత్తది రెండు లక్షల పైమాటే. దేశీ కంపెనీలూ ఇప్పుడు పీసీపీలు చేస్తున్నాయి.

మీరు ఎందుకు కొంటున్నారన్నదే ఇక్కడ తేలాల్సింది. స్కూల్ గేమ్స్‌లో ఓపెన్ సైట్ (తెరిచి ఉన్న గాడిలోంచి గురి చూసేది), పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) అని వేరువేరు విభాగాలుంటాయి. పిల్లవాడు ఓపెన్ సైట్‌తో మొదలుపెడుతుంటే దేశీ స్ప్రింగ్ గన్ చాలు. వారానికి మూడు రోజులు నిజంగా ప్రాక్టీసు చేస్తారో లేదో ఆర్నెల్లు చూసుకొని అప్పుడు పీప్ సైట్ రైఫిల్‌కి డబ్బు పెట్టండి. ముందే రెండు లక్షలు పోసి కొన్న రైఫిల్ అటక మీద పడుండటం కన్నా ఇది నయం.

3. ఒంటికి సరిపోతుందా చూడండి

గన్ను ఖాళీగా ఉందని మీ కళ్లతో చూసుకున్నాక, వెనక భాగాన్ని (బట్) మోచేతి మడతలో పెట్టండి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి హాయిగా రావాలి. వేలు సాచాల్సి వస్తే బట్ పొడుగు. వేలు దాటిపోతే పొట్టి. పొట్టిదానికి రబ్బరు పలకలు వేయొచ్చు, పొడుగుదాన్ని కోయడం అంత సులువు కాదు. పిల్లల విషయంలో "ఎదుగుతాడులే" అని పెద్దది కొనడం మామూలు తప్పు. చెప్పులంటే పెద్దవి కొని నడిపించొచ్చు. పొడుగు బట్‌తో ఒళ్లు వంచి కొట్టడం అలవాటైతే తర్వాత మాన్పించడం కోచ్ తరం కాదు.

తర్వాత కళ్లు మూసుకొని గన్ను భుజానికి ఆనించి, చెంప పెట్టి, అప్పుడు కళ్లు తెరవండి. మెడ కదపకుండానే సైట్లు కన్నుకి ఎదురుగా ఉండాలి. అట్లా లేకపోతే చెంపపలక సర్దే వీలుందేమో అడగండి.

బరువు: పోటీలో ఎయిర్ రైఫిల్ 5.5 కిలోలు మించకూడదు. కొత్తవాళ్లకి మూడున్నర, నాలుగు కిలోలు చాలు. పన్నెండేళ్లలోపు పిల్లలు మొదట్లో ముందు భాగాన్ని స్టాండు మీద ఆనించి కొట్టడమే మంచిది.

4. సెకండ్‌హ్యాండ్ అయితే ఇవి చూడండి

స్ప్రింగ్ గన్‌లో గొట్టం మూశాక చేత్తో అటూ ఇటూ కదిపి చూడండి. కీలు దగ్గర కొంచెం కదిలినా కొనకండి. పెల్లెట్ వేసి కొట్టించి చూడండి. టంగుమని స్ప్రింగ్ మోత వస్తే గ్రీజు ఎండిపోయి ఉంటుంది, సరి చేయొచ్చు. పొగ, మాడు వాసన వస్తే పిస్టన్ ముందు నూనె పోశారని అర్థం. ఆ నూనె ఒత్తిడికి మండుతుంది, సీలు పాడవుతుంది, వేగం ఇష్టమొచ్చినట్లు మారుతుంది.

పీసీపీ అయితే ముందు సిలిండర్ మీద ఉన్న తయారీ తేదీ చదవండి. మ్యాచ్ రైఫిళ్ల సిలిండర్లకి సాధారణంగా తయారైన నాటి నుంచి పదేళ్ల గడువు. గడువు దాటిన సిలిండర్‌ని పోటీలో వాడనివ్వరు. గన్ను ధరలోంచి కొత్త సిలిండర్ ఖరీదు తీసేసి బేరమాడండి. తర్వాత ఒత్తిడి చూపే గేజి చూసి రాసుకొని, ఒక రాత్రి వదిలేసి, పొద్దున మళ్లీ చూడండి. ముల్లు దిగితే ఎక్కడో లీకు.

5. పెల్లెట్లు: ఒకే రకం డజను డబ్బాలు వద్దు, మూడు రకాలు ఒక్కో డబ్బా కొనండి

10 మీటర్లకి చదును తల పెల్లెట్లే. కార్డుకి గుండ్రంగా, కోసినట్లు రంధ్రం పడుతుంది కాబట్టి పాయింట్లు కొలవడం సులువు. మొనదేలినవి చూడ్డానికి బాగుంటాయి, అంతే. మ్యాచ్ పెల్లెట్లు 0.53 గ్రాముల దగ్గర ఉంటాయి. తల కొలత 4.49, 4.50, 4.51 మి.మీ. అని డబ్బా మీద రాసి ఉంటుంది. ఏ గొట్టానికి ఏది నచ్చుతుందో కొట్టి చూస్తే తప్ప తెలియదు. డబ్బాలో మామూలుగా 500 ఉంటాయి. రోజుకి నలభై కొడితే పన్నెండు రోజులు.

డబ్బా తెరవగానే కొన్ని పెల్లెట్లు అద్దం పలక మీద పోసి భూతద్దంతో చూడండి. వెనక అంచు (స్కర్టు) నొక్కుకుపోయినవి, సీసపు పొట్టు అంటుకున్నవి పక్కన పడేయండి. డబ్బా ఒకసారి కింద పడితే అందులోవాటిని పరీక్షలకి వాడొద్దు, ఉత్త ప్రాక్టీసుకి ఉంచుకోండి.

తూకం వేసి వేరు చేయాలా అని చాలామంది అడుగుతారు. లెక్క చూద్దాం. పెల్లెట్ సెకనుకి 170 మీటర్ల దగ్గర వేగంతో పోతే 10 మీటర్లకి సుమారు 17 మి.మీ. కిందికి దిగుతుంది. బరువులో 2 శాతం తేడా ఉంటే వేగం ఒక శాతం దాకా మారుతుంది. దానివల్ల టార్గెట్ మీద పడే తేడా ఒక మిల్లీమీటర్‌లో మూడో వంతు. మీ చెయ్యి వణుకు దానికి ఇరవై రెట్లు. కాబట్టి మొదటి ఏడాది తూకం జోలికి పోకండి. అయినా సరదా ఉంటే బంగారం దుకాణాల్లో వాడే మూడు దశాంశాల తూకం కావాలి. రెండు దశాంశాలది 0.53కీ 0.54కీ మధ్యలో పడే బరువుల్ని విడిగా చూపలేదు, అక్కడే 2 శాతం పోతుంది.

6. ట్రాప్ చేయించుకోండి

రేడీమేడ్ దొరికితే సరే. లేకపోతే ఏ వెల్డింగ్ షాపులోనైనా చేయించొచ్చు. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, అడుగు లోతు పెట్టె. లోపల 3 మి.మీ. ఇనుప పలకని 45 డిగ్రీల వాలులో, పై అంచు మీవైపుకి, కింది అంచు వెనక్కి ఉండేట్లు వెల్డ్ చేయించండి. తగిలిన పెల్లెట్ కిందికి జారి అడుగున పడాలి. అడుగున పాత జీన్సు గుడ్డ మందంగా పరవండి. ముందు భాగం తెరిచి ఉంచి, అక్కడ అట్ట మీద టార్గెట్ కార్డు అంటించండి. అట్ట వెనక్కి చిమ్మే సీసం తునకల్ని ఆపుతుంది. కాబట్టి మధ్యలో చిల్లు పడిపోయిన అట్టతో సాగదీయకండి.

ఏవి పనికిరావో ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఒట్టి గట్టి చెక్క: పెల్లెట్ వెనక్కి వస్తుంది. టైరు ముక్క: ఇంకా బాగా వెనక్కి వస్తుంది. నిలువుగా పెట్టిన ఇనుప పలక: సీసం చిమ్ముతుంది. మన దగ్గర ఇంటింటా మిగిలిపోయి ఉండే గ్రానైట్ ముక్క: పెల్లెట్ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఇసుక బస్తా ఆపుతుంది గానీ, దుమ్ము రేపి సీసపు పొడిని గదంతా చల్లుతుంది.

ట్రాప్ వెనక, దానికి రెండు పక్కలా మూడేసి అడుగులు దాటేట్లు, పాత జంపఖానా ఒకటి వదులుగా వేలాడదీయండి. వరంగల్ కొత్తవాడ జంపఖానా లాంటి మందపు నేత, కింద అంచు నేలకి తగలకుండా వేలాడితే, ట్రాప్ తప్పిన పెల్లెట్ వేగాన్ని చంపి కింద పడేస్తుంది. బిగించి కట్టారో, గోడకి ఆనించారో, ఆ పని చేయదు. దాని వెనక గట్టి గోడ ఉండి తీరాలి. కిటికీ, తలుపు, గాజు పలక ఉండకూడదు.

7. లైను వేసుకోండి

కొట్టేవాళ్ల కాలి ముందున్న గీత నుంచి టార్గెట్ ముఖం వరకు 10 మీటర్లు, అంటే 32 అడుగుల 10 అంగుళాలు. టార్గెట్ మధ్యభాగం నేల నుంచి 1.40 మీటర్లు, నాలుగడుగుల ఏడంగుళాలు. ఇంటి పొడవు నలభై అడుగులుంటే హాలు నుంచి వెనక గది దాకా వరస గుమ్మాలు సరిపోతాయి. వాస్తు కోసం ఎదురెదురుగా పెట్టించిన తలుపులు ఇట్లా పనికొస్తాయి. కానీ మధ్యలో పక్క గది తలుపులుంటే ప్రతిదానికీ అవతలివైపు నుంచి ఎవరూ తీయలేకుండా గొళ్లెం పడాలి. "నేను కొడుతున్నాను, రావొద్దు" అని అరిచి చెప్పడం రక్షణ కాదు, టీవీ మోతలో వినబడదు.

డాబా మీద కొట్టాలని చాలామందికి ఉంటుంది. పిట్టగోడ ట్రాప్ వెనక గోడ కింద లెక్కకి రాదు. పెల్లెట్ దాన్ని దాటితే పక్కింటి డాబా మీద బట్టలు ఆరేసే మనిషి దాకా పోతుంది. డాబా మీద గది ఉంటే ఆ గదిలో కొట్టండి.

10 మీటర్లు దొరకకపోతే దూరంతోపాటు టార్గెట్‌ని తగ్గించండి. అసలు కార్డులో నల్ల వలయం 30.5 మి.మీ. 7 మీటర్లకి దాన్ని 70 శాతానికి, అంటే 21.4 మి.మీ.కి జిరాక్సు తీయించండి. చూపుకి అదే అనిపిస్తుంది. పాయింట్ల లెక్క మాత్రం సరిపోదు, పెల్లెట్ చిన్నదవదు కదా.

లైటు టార్గెట్ మీదికి, పైనుంచి పడాలి, కొట్టేవాళ్ల కంట్లో పడకూడదు. మీరు నిలబడే చోట కూడా మామూలు వెలుతురుండాలి. చీకట్లోంచి వెలుగు చూస్తే కంటిపాప పెద్దదై సైటు మసకబారుతుంది.

8. గాలి నింపడం (పీసీపీ వాళ్లకి మాత్రమే)

మ్యాచ్ రైఫిల్ సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి ఉంటుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ ఇచ్చేది పదికి కాస్త అటూ ఇటూ, దానితో కాదు. చేతి పంపు, స్కూబా సిలిండర్, లేదా అధిక ఒత్తిడి కంప్రెసర్ కావాలి. చేతి పంపుతో వానాకాలంలో నింపితే తేమ లోపలికి పోతుంది. కొంచెం కొంచెంగా, ఆగి ఆగి కొట్టండి, పంపు అడుగున తేమ వదిలే మర ఉంటే ప్రతిసారీ విప్పండి.

ఆక్సిజన్ సిలిండర్ నుంచి ఎప్పుడూ నింపకండి. వెల్డింగ్ గ్యాసు దుకాణంలో "అదీ గాలే కదా" అనేవాళ్లుంటారు. అధిక ఒత్తిడిలో ఆక్సిజన్‌కి గ్రీజు చుక్క తగిలినా చాలు, గన్ను చేతిలోనే పేలుతుంది. దీనికి మినహాయింపు లేదు.

మన ఎండల సంగతి: 27 డిగ్రీల దగ్గర 200 బార్ నింపిన సిలిండర్, మే నెలలో ఎండలో ఆపిన కారులో 60 డిగ్రీలకి చేరితే 222 బార్ అవుతుంది. రామగుండం, మంచిర్యాల వైపు ఇది ఊహించి చెప్పేది కాదు. వేసవిలో 180 దగ్గరే ఆపండి, కారులో వదలకండి.

9. సైటు సర్దండి

బల్ల మీద మెత్తటి సంచి పెట్టి, గన్ను ముందు భాగాన్ని దానిమీద ఆనించండి. స్ప్రింగ్ గన్‌ని నేరుగా గట్టి దానిమీద పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి. మీ అరచెయ్యి మధ్యలో ఉంచి, దాన్ని ఇష్టం వచ్చినట్లు కుదుపుకోనివ్వండి. పట్టు మారితే దెబ్బ పడే చోటు మారుతుంది.

ఐదు కొట్టండి. ఒక్కటి పడగానే సైటు మర తిప్పడం అందరూ చేసే తప్పు. ఐదింటి మధ్యబిందువు చూసి, అప్పుడు తిప్పండి. వెనక సైటుని పెల్లెట్ ఎటు పోవాలో అటు కదపాలి, ముందు సైటుని దానికి ఎదురుగా.

పీప్ సైట్ ముందు రింగు చిన్నదైతే గురి బాగా కుదురుతుందనుకోవడం ఇంకో తప్పు. ముందు సైటు కంటికి 0.9 మీటర్ల దగ్గర ఉంటే, నల్ల వలయం అక్కడ సుమారు 2.7 మి.మీ. అంత కనబడుతుంది. 3 మి.మీ. రింగు పెడితే చుట్టూ తెల్ల గీత సన్నని వెంట్రుకలా ఉంటుంది, కన్ను అలసి అబద్ధం చెబుతుంది. 3.8 నుంచి 4.2తో మొదలుపెట్టండి.

సైటు నిజాయితీ చూడటానికి చతురస్రం పరీక్ష చేయండి. మధ్యలో మూడు కొట్టండి. సైటు మరని కుడికి 20 క్లిక్కులు (తిప్పేటప్పుడు ఒక్కో మెట్టుకి వచ్చే చప్పుడు) తిప్పి, మళ్లీ మూడు. పైకి 20, మూడు. ఎడమకి 20, మూడు. కిందికి 20, మూడు. చివరి మూడూ మొదటి మూడు పడ్డచోటే పడాలి. పడకపోతే సైటు మరల్లో వదులు ఉంది.

ఫలితం ఎట్లా కొలవాలి

ఒక్కో రకం పెల్లెట్‌తో ఐదేసి చొప్పున ఐదు కార్డులు కొట్టండి. ప్రతి కార్డులో అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, 4.5 మి.మీ. తీసేయండి. వచ్చిందే గ్రూపు. ఐదు గ్రూపుల సగటు తీయండి. బాగా వచ్చిన ఒక్క కార్డుని ఫొటో తీసి అందరికీ పంపడం సరదాకి సరే, కొలతకి పనికిరాదు.

ఎంత వస్తే బాగున్నట్లు? పది వలయం చుక్క వ్యాసం 0.5 మి.మీ.యే. కానీ పెల్లెట్ అంచు దానికి తగిలినా పదే. అంటే పెల్లెట్ మధ్యభాగం కేంద్రం నుంచి 2.5 మి.మీ.లోపు ఉంటే చాలు. బల్ల మీద ఆనించి కొట్టినప్పుడు గ్రూపు 5 మి.మీ.లోపు వస్తే ఆ గన్నుతో నిలబడి కూడా పది కొట్టొచ్చు, లోపం ఉంటే మనిషిదే. మ్యాచ్ రైఫిల్‌కి 2.5 మి.మీ.లోపు రావాలి. మామూలు దేశీ స్ప్రింగ్ గన్‌కి 10 నుంచి 15 వచ్చినా నేర్చుకోవడానికి ఇబ్బంది లేదు. ఇరవై దాటితే ఈ వరసలో చూడండి:

చెక్కకీ గొట్టానికీ మధ్య మరలు వదులయ్యాయా? స్ప్రింగ్ గన్‌లో సగం రోగాలు ఇక్కడే. తర్వాత సైటు మరలు. తర్వాత గొట్టం మొదట్లో ఉండే గుండ్రటి రబ్బరు: దాని మీద సన్న టిష్యూ ముక్క పెట్టి కొట్టండి, టిష్యూ ఎగిరితే గాలి పోతోంది. తర్వాత పెల్లెట్ మార్చండి. అప్పటికీ కాకపోతే గొట్టం మూతి అంచు మీద గాటు ఉందేమో దూదితో రుద్ది చూడండి, దూది పోగు పట్టుకుంటే గాటు ఉన్నట్లే.

రంధ్రాలు నిలువుగా బారులు తీరుతుంటే వేగం మారుతోంది, లేదా ఊపిరి బిగపట్టడం సరిగ్గా లేదు. అడ్డంగా బారులు తీరుతుంటే గన్ను పక్కకి వంగుతోంది. టార్గెట్ పక్కన నట్టు కట్టిన తెల్ల దారం వేలాడదీసి, ముందు సైటుని ప్రతిసారీ దానితో పోల్చుకోండి. ఖరీదైన లెవెల్ కొనక్కర్లేదు.

ప్రతిరోజూ పాటించాల్సినవి

విరిచే గన్‌లో పెల్లెట్ పెడుతున్నంతసేపు రెండో చేత్తో గొట్టాన్ని పట్టుకొనే ఉండండి. కొక్కెం జారితే గొట్టం ఒక్కసారిగా పైకి లేస్తుంది, వేళ్లు విరుగుతాయి. పెల్లెట్ లేకుండా స్ప్రింగ్ గన్ పేల్చకండి, పిస్టన్ నేరుగా గన్ను లోపలి గోడకి కొట్టుకొని సీలు చితుకుతుంది.

సీసం విషం. కొట్టేటప్పుడు చాయ్, మిర్చీ బజ్జీ పక్కన పెట్టుకోవద్దు. పెల్లెట్‌ని పెదాల మధ్య పట్టుకునే అలవాటు పిల్లల్లో తొందరగా వస్తుంది, చూసిన మొదటిరోజే మాన్పించండి. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ట్రాప్ దగ్గర చీపురుతో ఊడవకండి, తడి గుడ్డతో తుడవండి. పోగైన సీసాన్ని ఇంట్లో కరిగించొద్దు, డబ్బాలో దాచి పాత సామాను కొనేవాళ్లకి వేయండి.

వానాకాలంలో వారానికోసారి గొట్టం బయట సిలికాన్ నూనె తడిపిన గుడ్డతో తుడవండి. స్పాంజి పెట్టెలో మూసి నెలలు ఉంచితే స్పాంజి తేమ పట్టి గొట్టానికి తుప్పు తెస్తుంది. బీరువాలో నిలువుగా పెట్టండి, పెల్లెట్లు వేరే అరలో, తాళం చెవి పిల్లలకి అందని చోట.